ఊయల వంతులకు ఇసుక సీసాలు: వానాకాలాలు గడిచాక

రెండు ప్లాస్టిక్ సీసాలను మూతికి మూతి కలిపి చేసుకునే ఇసుక గడియారం అంటే నాకు చాలా ఇష్టం. దానికి కారణం ఒక్కటే, అయిపోవడం అందులో కంటికి కనిపిస్తుంది. "ఇంకా ఎంతసేపు?" అని పెద్దవాళ్ల మొహం చూసే పిల్ల సీసా వైపు చూడటం మొదలుపెడుతుంది. ఫోన్‌లో అలారం పెడితే మోగేదాకా ఏమీ తెలియదు, మోగగానే ఊయల మీద ఉన్నవాడికి ఉన్నట్టుండి లాక్కున్నట్టు ఉంటుంది. ఇసుక కళ్లముందే తగ్గుతూ వస్తుంది కాబట్టి దిగడానికి మనసు ముందే సర్దుకుంటుంది.

ఒడిశాలోని పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో ఊయల సందడి ఏటా రెండుసార్లు. జూన్ నడుమ ఒడియావాళ్ల రజో పండుగకు ఒకసారి, దసరా వెళ్లాక అట్లతద్దికి మరోసారి. రజో నాటికి వానలు ముంగిట్లో ఉంటాయి, అట్లతద్ది నాటికి వాయుగుండాలు పోటీ పడతాయి. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం తేమ గురించే.

తయారీ అందరికీ తెలిసిందే, నేను చెప్పదలచింది చిల్లు గురించి. కాల్చిన దబ్బనంతో మూతకు పొడిచిన చిల్లు గుండ్రంగా రాదు. అంచున కరిగిన ప్లాస్టిక్ గట్టుకట్టి, ఇసుక ఒక రోజు ఒకలా, ఇంకో రోజు మరోలా జారుతుంది. ఇనుప సామాన్ల కొట్లో మూడు మిల్లీమీటర్ల బోల్టుకు వేసే వాషరు అడగండి. దాని చిల్లు 3.2 మి.మీ., అంచు నున్నగా ఉంటుంది. మూతలు రెండింటికీ నడిమధ్య వేలి మందాన పెద్ద చిల్లే పెట్టి, వీపు వీపు ఆనించి, మధ్యలో ఈ వాషరును ఇరికించాలి. అప్పుడు ధారను వాషరు ఒక్కటే నిర్ణయిస్తుంది. ఫెవిక్విక్ మూతల ప్లాస్టిక్‌ను సరిగా పట్టుకోదు. గరుకు కాగితంతో రుద్ది ఎంసీల్ పెట్టి, పైన పాత సైకిల్ ట్యూబు ముక్కను తొడిగితే కదలదు.

జల్లించిన సన్నని ఏటి ఇసుక ఈ వాషరులో సెకనుకు సుమారు ఒక గ్రాము జారుతుంది. మూడు నిమిషాల వంతుకు 180 గ్రాముల దరిదాపుల్లో పడుతుంది. నాలుగు మిల్లీమీటర్ల బోల్టు వాషరు పెడితే ధార రెట్టింపు దాటిపోతుంది, చిల్లు విషయంలో వెంట్రుకవాసి తేడా కూడా లెక్కలోకి వస్తుంది. తూకం లేకపోయినా ఫర్వాలేదు. ఇసుక ఎక్కువే పోసి, తిప్పి, ఫోన్‌లో మూడు నిమిషాలు చూసుకుని, సీసాలను అడ్డంగా పడుకోబెట్టి, పై సీసాలో మిగిలినది పారబోస్తే చాలు. ఇసుకకు ఇంకో మంచి గుణం ఉంది. కుండ చిల్లులోంచి కారే నీళ్లు మట్టం తగ్గేకొద్దీ నెమ్మదిస్తాయి, ఇసుక మాత్రం చివరిదాకా ఒకే వేగంతో జారుతుంది. అందుకే కింది సీసా నిటారుగా ఉన్న భాగం మీద సమాన దూరంలో గీతలు గీసినా నిమిషాలు సరిగ్గా వస్తాయి.

ఇంతవరకూ ఎండాకాలం మాట. రజో పండుగనాడు అదే సీసాలో ఇసుక ముద్దకట్టి సగంలో ఆగిపోయింది. చూడటానికి చిన్న విషయమే గానీ, వంతుల సాధనంలో ఇంతకంటే పెద్ద లోపం ఉండదు. "ఇసుక అయిపోయేదాకా నీ వంతు" అనే నియమం మీద పిల్లలంతా ఒప్పుకున్నారు. ఇసుక ఆగితే ఊయల మీదున్న పిల్లాడు "ఇంకా ఉంది కదా" అంటాడు, నియమం ప్రకారం వాడిదే న్యాయం. కాచుకున్న పిల్ల సీసాను తడుతుంది, ముద్ద విడి ఇసుక గబుక్కున జారుతుంది, అది అన్యాయమని ఊయల మీదున్నవాడు అరుస్తాడు. ఒకసారి తట్టడం తెలిశాక సీసా మీద నమ్మకం పోతుంది. ఆ పూట మళ్లీ తీర్పు పెద్దవాళ్ల నోటికే వచ్చింది, ఏది తప్పించడానికి ఇది కట్టామో అదే తిరిగి వచ్చింది.

ముద్ద ఎందుకు కట్టిందంటే, తేమ గాలిలో ప్రతి రేణువు చుట్టూ కంటికి కనిపించనంత సన్నని నీటి పొర చేరి రేణువులను అతుకుతుంది. అందులో ఒండ్రు ఉంటే ఇంకా బిగుస్తుంది. మహేంద్రతనయ ఏటి ఒడ్డున తవ్విన ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడగాలి. గోపాలపూర్ నుంచి సరదాగా తెచ్చుకునే సముద్రపు ఇసుకైతే మరీ కష్టం. దానికి అంటిన ఉప్పు వానాకాలపు గాలిలోంచి నీటిని లాక్కుంటుంది. ఇసుకకు బదులు వంటింటి ఉప్పు పోయమని చెప్పే చిట్కా కూడా అందుకే మన వైపు పనికిరాదు. పైగా ముసురు రోజున సీసా మూస్తే ఆ తేమంతా లోపలే బందీ అవుతుంది, రాత్రి చల్లబడగానే గోడల మీద చెమరుస్తుంది.

కాబట్టి కడిగి, ఎండబెట్టి, ఇనుప మూకుడులో ఆవిరి రావడం ఆగేదాకా వేయించి, మూతపెట్టి చల్లార్చి, టీ జల్లెడలో పెద్ద రేణువులు, పలుచని బట్టలో దుమ్ము తీసేసి పోయాలి. ఈ పని డిసెంబరు, ఫిబ్రవరి మధ్య మధ్యాహ్నం ఎండలో చేస్తే నిలుస్తుంది. ఇలా చేసినది జూలై దాటినా జారింది. అక్టోబరు ముసురుకు మాత్రం మళ్లీ మందగించింది, మూతల మరల్లోంచి తేమ కొద్దికొద్దిగా దూరుతూనే ఉంటుంది.

అప్పుడు ఇసుక తీసేసి చోళ్లు (రాగులు) పోయడం మొదలైంది, అసలు సంతోషం అక్కడుంది. చోడి గింజ గుండ్రన, నున్నన, ఇసుక రేణువు కంటే ఎన్నో రెట్లు పెద్దది. దాని బరువు ముందు ఆ సన్నని తేమ పొర పట్టు చాలదు. మన కొండ ప్రాంతపు సంతల్లో ఎక్కడైనా దొరుకుతుంది, పురుగు త్వరగా పట్టదు. ఒక రోజు ఎండలో పెట్టి, చెరిగి, లీటరు సీసాలో పోస్తే చాలు. అయితే వాషరు మార్చాలి. ఆరు మిల్లీమీటర్ల బోల్టు వాషరులో గింజలు ఒకదానికొకటి ఒరిగి కమానులా నిలబడి దారి మూసేస్తాయి. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు వాషరు, అంటే 8.4 మి.మీ. చిల్లు, ఉంటే ఆగవు. అరకిలో చోళ్లు రెండు నిమిషాలకు కొంచెం అటూఇటూగా జారతాయి. సన్నగా జలజలమనే చప్పుడు కూడా వస్తుంది, ఊయల మీదున్నవాడికి ఆ చప్పుడు ఆగడమే కబురు. ఇసుకకు ఆ గొంతు లేదు.

పైన ఇసుకను మెచ్చుకుంటూ సమయం సరిగ్గా వస్తుందన్నాను, అది సీసాను ఎవరూ ముట్టుకోనంతవరకే. కింద నిండేకొద్దీ అక్కడి గాలి అదే చిల్లులోంచి పైకి రావాలి. మెత్తటి సీసాను కింద నొక్కితే గాలి ఎదురొత్తి ధార ఆగుతుంది, పైన నొక్కితే ఉరుకుతుంది. పిల్లలు ఇది కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టదు. చేతికందని ఎత్తులో రెండు చెక్కపట్టీల మధ్య బిగించి, నడుమ ఒక బోల్టు ఇరుసుగా పెట్టి, వంతు దిగినవాళ్లు మాత్రమే కింది అంచుకు కట్టిన తాడు లాగి తిప్పేలా చేస్తే ఈ గొడవ తగ్గుతుంది. గాజు సీసాలు గట్టివే గానీ ఊయల పక్కన వాటి ఊసే వద్దు.

సీసా ఎంతసేపో చెబుతుంది గానీ తర్వాత ఎవరి వంతో చెప్పదు. ముగ్గురికి మించితే పక్కన తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పేర్ల చీటీలు వరుసగా పెట్టాలి. పేర్ల కంటే బొమ్మలు మేలు. మన వీధుల్లో ఒక పిల్ల ఒడియా బడికి, ఇంకో పిల్ల తెలుగు బడికి వెళ్తుంది, అప్పుడప్పుడూ సవర పిల్లలూ వస్తారు. చేప, గొడుగు, కాకి బొమ్మలైతే అందరూ చదువుతారు. సీసా కూడా అంతే, "మో పాళి" అనే పిల్లకూ "నా వంతు" అనే పిల్లకూ ఒకేలా అర్థమవుతుంది. ఈ సరిహద్దు ఊళ్లలో దాని విలువ నాకు తెలుసు.

నాలుగేళ్లలోపు పిల్లలకు రెండు నిమిషాలు కూడా ఎక్కువే, వాళ్లకు పది ఊపుల లెక్కే నయం. మాకు ఒక్క ఊయల, వానకు తడవని అరుగు, ఇద్దరు ముగ్గురు బడి వయసు పిల్లలు ఉన్నారు కాబట్టి చోళ్ల సీసా సరిపోయింది. ఇసుక సీసాను నడవాలో కేరం బోర్డు దగ్గర పెట్టాం, ఎండాకాలంలో దానికి ఢోకా లేదు. మహారాష్ట్రలోని సిరొంచ, చంద్రపూర్ వైపు పొడి ఎండల్లో ఉండే తెలుగువాళ్లకు చోళ్ల దాకా రావలసిన అవసరం వానాకాలంలో తప్ప రాకపోవచ్చు. ఒకవేళ వస్తే, ఏడాదికోసారి చోళ్లు దింపి ఎండబెట్టి, బూజు వాసన వస్తే పారేసి కొత్తవి పోసుకోండి.