మంచు సముద్రంలో నీళ్ళ బేరింగు: నాలుగు శీతాకాలాల వాడకం తర్వాత

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మా తాత అంటుండేవాడు. ఆయన ఎద్దుబండి ఇరుసు గురించి అన్న మాట నాకు స్వీడన్‌లో లూలియో రేవు బయట, ఇంజన్ రూమ్ అట్టడుగున షాఫ్ట్ పక్కన నిలబడినప్పుడు గుర్తొచ్చింది. ఓడ డెడ్ స్లోలో, అంటే అతి తక్కువ వేగంలో ఉంది. చుట్టూ మంచు. వెనక నుంచి కిర్రుమని సన్నటి మూలుగు. నాతో ఉన్న మోటర్‌మ్యాన్ శ్రీకాకుళం కుర్రాడు, చెవి రిక్కించి, "ఎవులో ఏడుస్తన్నట్టుంది సార్" అన్నాడు. ఏడుస్తున్నది బేరింగే. దానిలో నూనె చుక్క కూడా లేదు, ఉన్నదల్లా సముద్రపు నీళ్ళు.

మర్చంట్ నేవీలో ఇంజనీరుని, ఊరు కాకినాడ. బాల్టిక్ ఉత్తర కొసన ఉన్న బోత్నియా అఖాతంలో మూడు ఓడల మీద శీతాకాలాలు గడిపాను. మూడింటికీ వెనక బేరింగు పద్ధతి వేరు. చివరి ఓడది నీళ్ళతో నడిచే, ప్లాస్టిక్ లాంటి పాలిమర్ బేరింగు. కాంట్రాక్టు తర్వాత కాంట్రాక్టు దాని మీదికే వెళ్ళి నాలుగు మంచు సీజన్లు చూశాను కాబట్టి రాయడానికి ధైర్యం వచ్చింది.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్ ఓడ వెనక స్టెర్న్ ట్యూబ్ అనే గొట్టంలోంచి బయటికి వెళ్తుంది. టన్నుల బరువున్న ప్రొపెల్లర్ ఆ గొట్టం చివరి బేరింగు మీద వేలాడుతూ ఉంటుంది. చాలా ఓడల్లో అది నూనెలో మునిగి ఉండే, వైట్ మెటల్ అనే మెత్తటి లోహపు బేరింగు. నీళ్ళతో నడపడమేమీ కొత్త వింత కాదు. 1854లోనే జాన్ పెన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు లిగ్నమ్ వైటీ అనే గట్టి కర్ర పలకలతో ఇలాంటి బేరింగుకు పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు కర్ర స్థానంలో పాలిమర్ వచ్చింది.

మొదటి ఓడ మామూలు మినరల్ ఆయిల్‌ది. మంచు పగలగొట్టి దారి చేసే ఐస్‌బ్రేకర్ ఓడ కోసం ఆరేసి గంటలు ఆగిపోయేవాళ్ళం. ఆ లోపు స్టెర్న్ ట్యూబ్ నూనె చల్లబడి ముదురు బెల్లం పాకంలా అయ్యేది. అయినా మళ్ళీ కదిలాక బేరింగు ఏనాడూ మొండికేయలేదు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. బాధంతా నూనె బయటికి, నీళ్ళు లోపలికి పోకుండా ఆపే సీలుతోనే. ఒకసారి ఆస్టర్న్ కొడుతుంటే, అంటే ఓడని వెనక్కి నడుపుతుంటే, పెద్ద మంచుగడ్డ వెనక ఎక్కడో తగిలింది, రోట్లో కొబ్బరి చిప్ప దంచినట్టు నాలుగు దెబ్బలు. మర్నాటి నుంచి స్టెర్న్ ట్యూబ్‌కి నూనెందించే హెడర్ ట్యాంకులో నూనె తగ్గడం మొదలైంది. రోజుకు ఆరేడు లీటర్లు. మామూలు సముద్రంలో అయితే ఎవరి కంటా పడదు. తెల్లటి మంచు మీద మాత్రం ఓడ వెనకాల ఇంద్రధనుస్సు రంగులు కిలోమీటరు దూరం నుంచీ కనిపిస్తాయి. ఆ వారం మా బడా సాబ్ (చీఫ్ ఇంజనీరు) సరిగ్గా అన్నం తినలేదు. డాక్‌లో విప్పి చూస్తే వెనక సీలు రబ్బరు పెదవి గట్టిపడి, ఒకచోట గోరంత చిరిగి ఉంది.

రెండో ఓడ అమెరికా రేవులకూ వెళ్ళేది. అక్కడ 2013 చివరి నుంచి ఇలాంటి చోట్ల పర్యావరణానికి హాని చేయని నూనె వాడాలన్న నిబంధన ఉంది. కాబట్టి స్టెర్న్ ట్యూబ్‌లో ఎస్టర్ నూనె. చల్లటి నీళ్ళలో బాగా పారుతుంది, ఒప్పుకుంటాను. కానీ నీళ్ళు కలిస్తే మెల్లగా ఆమ్లంగా మారుతుంది. పైగా ఒత్తిడి పెరిగినప్పుడు మినరల్ ఆయిల్ చిక్కబడినంతగా ఇది చిక్కబడదు. ఐస్‌బ్రేకర్ తెరిచిన దారి మలుపు తిరిగిన చోట చుక్కాని పూర్తిగా తిప్పి పవర్ ఇచ్చారు. 34 డిగ్రీల దగ్గరున్న బేరింగు ఉష్ణోగ్రత చూస్తుండగానే 58 దాటింది. అలారం 65 దగ్గర. బ్రిడ్జికి, అంటే ఓడ నడిపే గదికి, ఫోన్ చేసి స్పీడు తగ్గించాక దిగింది. తప్పు బేరింగుదా, నూనెదా, చుక్కాని అంత తిప్పించినవాళ్ళదా అని మెస్‌లో మూడు రోజులు వాదించుకున్నాం.

ఇక మూడో ఓడ. శీతాకాలం బోత్నియాలో, వేసవిలో రెండుసార్లు కెనడా ఉత్తరాన బాఫిన్ ద్వీపంలోని మిల్న్ ఇన్‌లెట్‌కి ఇనుప ఖనిజం కోసం వెళ్ళాం. అక్కడ 2017 నుంచి ధ్రువ సముద్రాల్లో తిరిగే ఓడల నిబంధనలు, పోలార్ కోడ్ అమల్లో ఉంది, సముద్రంలో నూనె వదలడానికే వీల్లేదు. మాకు ఆ టెన్షన్ లేదు. స్టెర్న్ ట్యూబ్‌లో నూనే లేనప్పుడు కారడానికేముంది? ముందువైపు సీలు కారితే ఇంజన్ రూమ్ అడుగున ఉండే బిల్జ్‌లోకి నీళ్ళొస్తాయి, అంతే.

చలి ఈ బేరింగుకు శత్రువు అనుకుని ఎక్కాను. నిజానికి మేలే చేస్తుంది. సున్నా డిగ్రీల నీళ్ళు 20 డిగ్రీల నీళ్ళకన్నా దాదాపు 1.8 రెట్లు చిక్కన. కాబట్టి షాఫ్ట్ కింద నీటి పొర కాస్త మందంగా నిలుస్తుంది. మంచు సీజన్ మొత్తం గేజి మూడు, నాలుగు డిగ్రీలు దాటలేదు. మంచు దెబ్బలు తగిలినప్పుడు కూడా పాలిమర్ కొంచెం లొంగి మళ్ళీ సర్దుకుంటుంది. డెడ్ స్లోలో మాత్రం నీటి పొర చాలక పైన చెప్పిన సంగీతం. ఆర్‌పీఎం కొద్దిగా పెంచగానే ఆగిపోతుంది. మొదటి వారం నిద్ర పట్టదు, తర్వాత అదే జోలపాట.

దీని అసలు బలహీనత బేరింగులో లేదు, దానికి నీళ్ళందించే దారిలో ఉంది. రెండో శీతాకాలంలో ఫిన్లాండ్‌లోని రాహే రేవు దగ్గర, రాత్రి రెండింటికి నీళ్ళు తగ్గాయని ఫ్లో అలారం కొట్టింది. సముద్రపు నీళ్ళు లోపలికి తీసుకునే సీ చెస్ట్ అనే పెట్టెలోకి మంచు గుజ్జు ఎక్కేసింది. నీళ్ళు వడకట్టే స్ట్రైనర్ మూత తీస్తే బుట్ట నిండా గోలీసోడా బండిలో కొట్టిన ఐసులా గట్టిగా కూరుకుపోయి ఉంది. పాలిమర్‌కి వేడిని బయటికి పంపే గుణం తక్కువ. నీళ్ళు ఆగి షాఫ్ట్ తిరుగుతూ ఉంటే నిమిషాల్లోనే మెత్తబడి పాడవుతుంది. నేను ఇంజన్ ఆపమని అడుగుతుంటే, వెనక ఇంకో ఓడ వస్తోంది ఆపలేమని బ్రిడ్జి. చార్ సాబ్ (ఫోర్త్ ఇంజనీరు) మంటలార్పే ఫైర్ లైన్ నుంచి ఎమర్జెన్సీ కనెక్షన్ తెరిచి నీళ్ళిచ్చాడు. ఆ తర్వాత నేను చేతులు వణక్కుండా టీ కప్పు పట్టుకోవడానికి పావుగంట పట్టింది. ఇంజన్ చల్లబరిచి బయటికి పోయే వేడి నీళ్ళలో కొంత వెనక్కి సీ చెస్ట్‌లోకి మళ్ళించే వాల్వు మా ఓడలో ఉంది. దాన్ని ముందే తెరవకపోవడం నా తప్పే.

ఇంకోటి చలికాలం డ్రై డాక్ గురించి. ఓడ పైకెక్కాక ట్యూబ్‌లో నీళ్ళు పూర్తిగా తీయకపోతే బేరింగు గాడుల్లో గడ్డకడతాయి. ఫిబ్రవరిలో మైనస్ 12లో డాక్ మనిషి షాఫ్ట్‌ని మెల్లగా తిప్పే టర్నింగ్ గేర్ వేసేయబోతుంటే లోపల చిటపట విని ఆపాం. ఆ రోజంతా గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ కూర్చున్నాం.

అదే డాక్‌లో అరుగుదల కొలిచాం. అర మిల్లీమీటరు కూడా లేదు. షాఫ్ట్‌కున్న కాంస్య తొడుగు (లైనర్) మీద గోటికి తగిలీ తగలని గీతలు, అంతే. చాలా ఏళ్ళ క్రితం హుగ్లీ నది మీది హల్దియా రూటులో చిన్న ఓడ మీద ఇలాంటి బేరింగే ఏడాదిన్నరలో దీనికి రెట్టింపు అరిగింది. హుగ్లీ బురద మంచుగడ్డలకన్నా పదింతలు మొరటుది, నన్నడిగితే.

కాబట్టి మంచుకు నా ఓటు నీళ్ళ బేరింగుకే, పంపు, ఫిల్టరు, సీ చెస్ట్ సరిగ్గా ఉన్న ఓడైతే. లేదంటే పాత వైట్ మెటల్, మినరల్ ఆయిలే నయం. ఈ నవంబర్‌లో మళ్ళీ అదే ఓడ ఎక్కుతున్నాను. చేరగానే చార్ సాబ్‌ని అడిగే మొదటి ప్రశ్న, స్పేర్ స్ట్రైనర్ బుట్ట ఎక్కడ పెట్టావని.