డాలస్ పెరట్లో ఏ పామ్ చెట్టు మేలు?

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఇంటి చుట్టూ కొబ్బరే. పొద్దున్నే తలుపు తీస్తే మట్టల సందులోంచి వచ్చిన ఎండే గుమ్మంలో పడుతుంది. అలాంటి ఇంట్లో పెరిగిన మా అమ్మాయి డాలస్ దగ్గర ఇల్లు కొనుక్కుని, "పెరట్లో ఒక్క మట్టల చెట్టయినా లేకపోతే మనిల్లులా లేదు నాన్నగారూ" అంటే నాకేమీ వింత అనిపించలేదు. 2020 వేసవిలో అక్కడి ఒక మొక్కల షాపులో నిలువెత్తు వాషింగ్టోనియా పామ్ కొన్నారు (కొబ్బరి, తాటి జాతి చెట్లన్నిటినీ అక్కడ పామ్ అంటారు). ఈ ఊరి చలికి ఆగుతుందని చెప్పే ఇచ్చారట. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 19 డిగ్రీల చలి పడింది. నెల తర్వాత వీడియో కాల్‌లో చెట్టు చూపించింది. ఆకులన్నీ ఎండుగడ్డి రంగు. "మొవ్వు, ఆ నడిమి చిగురు, పట్టుకుని మెల్లగా లాగమ్మా" అన్నాను. ఊడి చేతికొచ్చేసింది. అడుగంతా కుళ్ళిపోయి ఉంది. కోనసీమలో పుట్టిన పిల్ల, దాని అర్థం నేను చెప్పక్కర్లేకపోయింది.

ఆ తర్వాత నేనూ మా ఆవిడా వెళ్ళి ఆరు నెలలు అక్కడ ఉన్నాం. ఈసారి ఏది వెయ్యాలా అని నాలుగైదు రకాలు చూశాం, అడిగాం, పోల్చుకున్నాం. అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు మన వైపు వీధికి నాలుగున్నాయి కాబట్టి ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

ఆకుల అందం చూసి పామ్ కొనకండి. ముందు దాని మొవ్వు ఎక్కడుంది, దాన్ని ఏది కప్పి ఉంది అని చూడండి. మామిడికి, వేపకి కొమ్మ పోతే ఇంకో కొమ్మ వస్తుంది. కొబ్బరికి, తాటికి ఒక్కటే మొవ్వు. అది పోయిందంటే చెట్టు పోయినట్టే. మాను సంగతీ అంతే. దెబ్బ తగిలితే కొత్త కణజాలం వేసుకుని మాన్పుకునే గుణం ఈ జాతికి లేదు. చలికి మానులోపలి నాళాలు దెబ్బతింటే చెట్టు అప్పటికి పచ్చగానే కనిపించి, ఎండాకాలంలో నీళ్ళు పైకి లాగలేక వాలిపోతుంది.

చలి ముందు మొవ్వులోని లేత కణాలను చితగ్గొడుతుంది. ఆ మెత్తబడిన చోటికి బూజులు, బ్యాక్టీరియా దిగి మిగతా పని పూర్తి చేస్తాయి. మొవ్వుకుళ్ళు అంటే మనకి కొత్త కాదు. నూరేళ్ళ కిందట గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వులు కుళ్ళి పడిపోతుంటే ఎడ్విన్ బట్లర్ అనే శాస్త్రవేత్త పరిశోధించి, ఆ తెగులు తెచ్చే జీవిని 1907లో వర్ణించాడు. ఇప్పుడు దాన్ని ఫైటోఫ్తోరా పాల్మివోరా అంటున్నారు. వర్షాకాలంలో మనం మొవ్వులో బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు, పోసేది దాని కోసమే. అక్కడ చలిదెబ్బ తిన్న పామ్‌లకు కూడా మొవ్వులో రాగి మందే పొయ్యమంటారు. ఆ మాట విన్నప్పుడు పరాయి దేశంలో మన ఊరి మనిషి కనిపించినట్టయింది నాకు.

ఇంకో సంగతి, మొక్క చీటీ మీద ఉండే జోన్ నంబరు. అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని చలి ప్రకారం జోన్లుగా విడగొట్టింది, 2023లో ఆ పటాన్ని సవరించింది. డాలస్ ప్రాంతం 8వ జోన్. ఆ జోన్ లెక్క మైనస్ 12 నుంచి మైనస్ 7 దాకా. అయితే అది ముప్పై ఏళ్ళలో ఏటేటా పడిన అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు. ఎప్పుడూ అంతకన్నా దిగదని కాదు. 2021లో దిగింది కదా. నంబరు సరిపోయిందని ధీమాగా ఉండకుండా, మీ జోన్ కన్నా ఒక మెట్టు ఎక్కువ చలికి ఆగే చెట్టు తీసుకుంటే నయం.

ఇక చెట్లు. మొదట విండ్‌మిల్ పామ్. పుట్టిల్లు చైనా. తేయాకు మొక్కలను చైనా నుంచి మన దేశానికి చేర్చిన రాబర్ట్ ఫార్చ్యూన్ 1849లో దీన్ని ఇంగ్లండుకు పంపాడు, శాస్త్రీయ నామంలో ఆయన పేరే ఉంది. దీని దగ్గరి చుట్టాలు మన హిమాలయాల్లోనే ఉన్నాయి. కుమావూ కొండల్లో పితోరాగఢ్ దగ్గర, శీతాకాలం మంచు పడే చోట, అడవిలో పెరుగుతాయి. ఆకు తాటాకులా విసనకర్ర తీరు, కాకపోతే చిన్నది, పల్చన. మాను సన్నగా నిటారుగా లేస్తుంది. దాని చుట్టూ గోధుమరంగు పీచు దట్టంగా చుట్టుకుని ఉంటుంది. మన కొబ్బరికి మట్ట మొదట్లో జల్లెడలా అల్లుకున్న గుడ్డ ఉంటుంది చూడండి, అలాంటిదే మాను పొడుగునా కట్టినట్టు. చైనాలో ఆ పీచుతో తాళ్ళు, చీపుళ్ళు, వానకి కప్పుకునే గొంగళ్ళు చేసుకునేవారు. చెట్టు తన దుప్పటి తానే కప్పుకుంది. అందాన్ని చూసి ఆ పీచు గీకించేవాళ్ళున్నారు. చలి ఊళ్ళలో ఆ పని చెయ్యొద్దు.

వేరు బాగా పట్టిన విండ్‌మిల్ మైనస్ 12 దాకా ఓర్చుకుంటుంది, గాలి పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి కూడా. 2021 చలికి డాలస్ వైపు చాలా చెట్లు ఆకులు మాడిపోయినా మళ్ళీ చిగిర్చాయి. కొన్ని పోయాయి కూడా, ఆ మాట దాచను. దీనికి పడనిది చలికన్నా తడి. డాలస్ నేల నల్లటి బంకమట్టి. వాన పడితే నీళ్ళు గుంటలో నిలబడిపోతాయి. మనం పల్లపు చేలో కొబ్బరి వేసేటప్పుడు మెరక చేస్తాం కదా, ఇక్కడా అదే పని. అడుగు ఎత్తున మట్టి పోసి దాని మీద నాటించాను. పెరుగుదల నిదానం. మంచి నేలలో ఏడాదికి అడుగు వచ్చిందంటే సంతోషించాలి.

రెండోది నీడిల్ పామ్. పామ్ జాతి మొత్తంలో చలికి ఇదే మొనగాడు. మైనస్ 20 దాకా దిగినా బతికి బయటపడిన చెట్లున్నాయి. ఫ్లోరిడా, జార్జియా, అలబామా వైపు అడవుల్లో నీడలో, తేమ నేలల్లో సహజంగా పెరుగుతుంది. దీని మొవ్వు నేలకి దగ్గరగా ఉంటుంది, చుట్టూ జానెడు పొడుగు సూదులు కాపలా. నేల వెచ్చదనం మొవ్వుకి అందుతుంది, పైన చలిగాలి కొట్టినా లోపలిది తప్పించుకుంటుంది. అయితే ఇది చెట్టులా ఎదగదు. పిలకలు వేస్తూ మనిషెత్తు గుబురులా తయారవుతుంది. మా అమ్మాయి దాన్ని చూసి, "ఇది చెట్టు కాదు నాన్నగారూ, పొద" అంది. నిజమే. కింద నిలబడి తల పైకెత్తి చూసే సుఖం దీనితో లేదు. చిన్నపిల్లలు బంతి ఆడుకునే చోట వెయ్యకూడదు, ఆ సూదులు చర్మంలో దిగుతాయి. అయినా గట్టి చలి ఊరికి నా ఓటు దీనికే.

మూడోది సబల్ మైనర్, అంటే పొట్టి పల్మెట్టో. దీనికి మాను చాలావరకు భూమిలోనే ఉంటుంది, నేలలోంచి ఆకులే లేచినట్టు కనిపిస్తుంది. మైనస్ 18 దాకా ఫర్వాలేదు. టెక్సస్, ఓక్లహోమాల్లో అడవి మొక్క. నీళ్ళు నిలిచే పల్లంలో కూడా బతుకుతుంది కాబట్టి మెరక చెయ్యలేని పెరటికి సరిపోతుంది.

నాలుగోదే మనవాళ్ళందరి మనసూ లాగేది, పిండో పామ్. బ్రెజిల్, ఉరుగ్వే దేశాలది. ఇది కొబ్బరి వంశం, మట్ట కొబ్బరి మట్టలా రెండు వైపులా ఈనెలతో విల్లులా వంగుతుంది, రంగు కొంచెం బూడిద నీలం. కాషాయరంగు పళ్ళు గెలలుగా కాస్తుంది, తినొచ్చు, జామ్ చేస్తారు. మా ఆవిడ దాని ముందు పది నిమిషాలు నిలబడిపోయింది. "ఇదే వేద్దామండీ" అంది. నాకూ ఆశగానే ఉంది. కానీ దీని ఓపిక మైనస్ 9, 10 దగ్గర ఆగిపోతుంది. పైగా మొవ్వులో వాననీళ్ళు నిలవొచ్చు. ఆ నీళ్ళు మొవ్వులో గడ్డకడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చలికి బాగా ఆగే పై మూడింటికీ ఆకు తాటి తీరే. మట్ట కొబ్బరిలా ఉండాలని పట్టుబట్టినప్పుడు చలి ఓపిక తగ్గించుకోక తప్పదు. ఇది నాకు బాధ కలిగించిన సంగతే.

మన ఈతచెట్టు అక్కడ సిల్వెస్టర్ పామ్ అనే పేరుతో మంచి ధర పలుకుతోంది. కాలవగట్టు మీద ఎవరూ పట్టించుకోని ఈతని అక్కడ గేటు ముందు నిలబెట్టుకుంటున్నారు. ఫ్లోరిడాకి బాగుంటుంది, డాలస్ చలికి ఆగదు. ఇక అసలు కొబ్బరి సంగతి చెప్పాలంటే, పదిహేను డిగ్రీలకి దిగితేనే దానికి ఎదుగుదల కుంటుపడుతుంది, గడ్డకట్టే చలిలో బతకదు. కాయతో సహా కుండీలో పెట్టి ఇంట్లో పెంచే మొక్కలు అమ్ముతారు. కాయలో సత్తువ ఉన్నన్నాళ్ళు కళకళలాడి, తర్వాత వెలుతురు చాలక నీరసించిపోతాయి. ఊరి నుంచి మొలకెత్తిన కాయ సూట్‌కేసులో పెట్టుకెళ్దామని కూడా అనుకోకండి, అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు తీసుకెళ్ళనివ్వరు.

ఇంతకీ ఎవరికి ఏది? డాలస్, ఆస్టిన్, అట్లాంటా లాంటి ఊళ్ళలో ఉన్నవాళ్ళకి విండ్‌మిల్ వెయ్యమంటాను. ఈ నాలుగింటిలో నిటారు చెట్టు అనిపించుకునేది, చలికి నిలిచేది, రెండూ ఉన్నది అదొక్కటే. న్యూజెర్సీ, వర్జీనియా వైపు ఉంటే నీడిల్ పామ్. అక్కడ విండ్‌మిల్ వెయ్యాలంటే ఏటా చుట్టబెట్టే ఓపిక ఉండాలి. చికాగో అయితే నీడిల్ పామ్‌కి కూడా కప్పు కావాలి. హ్యూస్టన్ వాళ్ళు మాత్రం పిండో ధైర్యంగా వేసుకోవచ్చు, చలి హెచ్చరిక వచ్చిన నాడు కప్పితే చాలు. స్విట్జర్లాండ్‌లో మనవాళ్ళుంటే ఒక మాట. అక్కడ విండ్‌మిల్ గింజలు పక్షుల ద్వారా అడవుల్లోకి పాకిపోతున్నాయని 2024 సెప్టెంబరు నుంచి దాని అమ్మకమే నిషేధించారు.

ఏది వేసినా ఏప్రిల్, మే నెలల్లో నాటండి. చలి వచ్చేలోపు వేళ్ళు నిలదొక్కుకోవాలి. ఇంటికి దక్షిణం గోడ పక్కన వేస్తే పగటి ఎండకి కాగిన గోడ రాత్రి కొంచెం కాపాడుతుంది, ఉత్తరపు గాలీ తగలదు. చెట్టు మొదలు చుట్టూ బెరడు పొట్టు, ఎండాకులు బెత్తెడు మందాన పరవాలి. గడ్డకట్టే చలి వస్తుందన్న కబురు తెలియగానే నేలకి నీళ్ళు పెట్టి, మొవ్వు మాత్రం పొడిగా ఉంచాలి. ఆకులు పైకి కట్టగట్టి, చలికి కప్పే గుడ్డ చుట్టి, లోపల పాతరకం వేడెక్కే బల్బుల దండ వెయ్యాలి. ఎల్‌ఈడీ దండకి అంత వేడి ఉండదు. ప్లాస్టిక్ షీటు ఆకులకి తగిలేలా చుట్టొద్దు. చలి తగ్గగానే విప్పెయ్యాలి, లేకపోతే లోపల ఉక్కకి బూజు పడుతుంది.

మాడిన ఆకులు వెంటనే కొయ్యొద్దు. అవి మొవ్వుకి ఇంకొన్నాళ్ళు నీడ, అడ్డు. మనకి శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందిగాని అక్కడ మార్చి సగం దాకా నమ్మకూడదు. ఆ తర్వాత మొవ్వు లాగి చూడండి. గట్టిగా ఉంటే చెట్టు బతికినట్టే. ఊడి వచ్చినా మొదలు గట్టిగా ఉంటే లోపల రాగి మందు పోసి ఎండాకాలం దాకా ఆగండి. కొన్ని చెట్లు రెండు నెలల తర్వాత పొట్టిగా, వంకరగా ఒక ఆకు బయటపెడతాయి. ఆ రాగి మందు ఒకటి రెండుసార్లు మించొద్దు.

మేం చివరికి విండ్‌మిల్ ఒకటి దక్షిణం గోడ దగ్గర, సబల్ మైనర్ ఒకటి నీళ్ళు నిలిచే మూల వేశాం. పిండో వెయ్యలేదు. 2022 డిసెంబరులో మళ్ళీ గడ్డకట్టే చలి వచ్చినప్పుడు నేను ఇక్కడ ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, అల్లుడుగారు అక్కడ రాత్రి పదకొండింటికి గుడ్డ చుట్టారు. టెన్షన్ నాకే ఎక్కువ. చలి తగ్గగానే విప్పితే చివరి ఆకులు నాలుగు మాడి ఉన్నాయి. మార్చిలో మొవ్వు మీద, పక్క ఆకుకి సమంగా, మార్కర్ పెన్నుతో అడ్డగీత పెట్టమన్నాను. గీత కదిలితే లోపల ప్రాణం ఉన్నట్టు. మూడు వారాలు అలాగే ఉంది. నాలుగో వారం అమ్మాయి ఫోటో పంపింది, గీత రెండు వేళ్ళు పైకొచ్చింది.