ఫ్యాన్ వెర్షనా, ప్లేయర్ వెర్షనా?

నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో సాయంత్రం ఆడే పిల్లలను చూడండి. మెస్సీ పది నంబరు ఫుట్‌బాల్ జెర్సీలు రెండు ఉంటే, ఒకటి గాలికి ఊగుతుంటుంది, రెండోది పొట్టకు అతుక్కుపోయి ఉంటుంది. మొదటిది అభిమానుల కోసం చేసే ఫ్యాన్ వెర్షన్, రెండోది ఆటగాళ్లు మైదానంలో వేసుకునే రకం, ప్లేయర్ వెర్షన్.

ధర: ఒరిజినల్‌లో ప్లేయర్ వెర్షన్ దాదాపు ఒకటిన్నర రెట్లు. ఫస్ట్ కాపీల్లో, అంటే ఒరిజినల్‌లా కనిపించే నకిలీల్లో, తేడా తక్కువే, మోసం అక్కడే మొదలవుతుంది.

ఫిట్: ఫ్యాన్‌ది మామూలు టీషర్ట్ కొలత. ప్లేయర్‌ది ఒంటిని పట్టేస్తుంది, ఒక సైజు పెద్దది తీసుకోవాలి. నేను అలవాటుగా ‘ఎల్’ తెచ్చుకున్నా. బిర్యానీ తిన్నాక ఊపిరి ఆడలేదు! చివరికి తమ్ముడికి ఇచ్చేశా.

గుడ్డ: రెండూ పాలిస్టరే. ప్లేయర్‌ది పల్చన, సన్నటి రంధ్రాలుంటాయి, మే నెల ఉక్కలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

లోగో: సాధారణంగా ఫ్యాన్ వెర్షన్‌లో క్లబ్ చిహ్నం దారంతో కుట్టి ఉంటుంది. ప్లేయర్‌లో వేడితో అతికిస్తారు. కుట్టు లోపలివైపు గరుగ్గా తగులుతుంది కానీ ఏళ్లు ఉంటుంది. అతికించినది మెషీన్‌లో నాలుగు ఉతుకులకే అంచు లేచిన కాపీలు చూశాను. ఏదైనా తిరగేసి, చన్నీళ్లలో చేత్తో ఉతకండి, అచ్చు మీద ఇస్త్రీ పెట్టెను ఆనించొద్దు.

రోజూ ఆడే సన్నటి కుర్రాడైతే ప్లేయర్ కొనండి. టీవీ ముందు మ్యాచ్ చూసేవాళ్లకు, కాస్త పొట్ట ఉన్నవాళ్లకు, ఎదిగే పిల్లలకు ఫ్యాన్ వెర్షనే. కాపీయే కొనేటట్లయితే మాత్రం కుట్టు లోగో ఉన్నదే అడగండి.