సర్కారు దంత వైద్యశాలలో పళ్ళ సెట్టు: ఐదుకి మూడున్నర

ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరుగా అరిచినవాణ్ణి. గొంతు మిగిలింది, పళ్ళు మిగల్లేదు. ఇప్పుడు 71. ఆఖరి నాలుగూ మా ఏరియా ఆసుపత్రిలోనే పీకించుకున్నా. అక్కడ డెంటల్ కుర్చీ ఉంది, డాక్టరమ్మా ఉంది, పళ్ళు కట్టే ల్యాబు లేదు.

ప్రైవేటులో పైకీ కిందికీ కలిపి 25,000 అన్నారు. డెబ్భై దాటినవాళ్ళకి 2024లో వచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు తీశా. "అడ్మిట్ అయితేనే అండీ, కట్టుడు పళ్ళకి రాదు" అన్నాడు కౌంటరు కుర్రాడు. 5 లక్షల కార్డుతో గుండెకి స్టెంటు వేయించుకోవచ్చు, అప్పడం మాత్రం నమల్లేం.

అలా సర్కారు డెంటల్ కాలేజీకి చేరా. ఊరు చెప్పను. ఓపీ చీటీ తప్ప ఖర్చు లేదు. నోట్లో ముద్ద పెట్టి అచ్చు తీయడం రెండుసార్లు, మైనం దిమ్మెలు కరిపించి కొలత ఒకసారి. నాలుగోసారి మైనంలో పళ్ళు గుచ్చి నోట్లో పెట్టి, "ఏదైనా మాట్లాడండి తాతా" అంది హౌస్ సర్జన్ అమ్మాయి. నాకింకేం వస్తుంది? "కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, చిట్యాల, చౌటుప్పల్" అని ఎత్తుకున్నా. సూర్యాపేట దగ్గర సన్నగా ఈల వచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు. ముందు పన్ను కాస్త జరిపి "మళ్ళీ సూర్యాపేట" అంది. నాలుగోసారికి ఈల ఆగింది. డబ్బు పోసినా దొరకని ఓపిక అది.

మార్కుల్లో కోతంతా తిరుగుడుకే. సెట్టు చేతికొచ్చేసరికి ఐదు ట్రిప్పులు, ఒరుసుకున్నచోట అరగదీయించడానికి ఇంకో రెండు. పోను రెండున్నర గంటల బస్సు. ఒకసారి పెద్ద డాక్టరు సెలవని వట్టి నోటితో తిప్పి పంపారు. నాతో మొదలెట్టిన ఒక ముసలమ్మ మూడోసారి నుంచి రాలేదు. తోడెవరూ లేరట. ఆవిడ దవడల అచ్చులు చీటీ అంటించి షెల్ఫులో అలాగే ఉన్నాయి.

కర్ణాటకలో పేద వృద్ధుల పళ్ళ సెట్లకి దంత భాగ్య అని విడిగా పథకమే ఉంది. మనకీ ఉంటే ఏరియా ఆసుపత్రిలోనే అచ్చు తీసి ల్యాబుకి పంపొచ్చుగా? పార్సిలు బస్సులో నేనే వేస్తా.

పై సెట్టు బ్రహ్మాండం. కిందిది ఆడుతుంది, చిగురు అరిగిందట. అన్నానికి పెట్టుకుంటా, మాటలకి తీసి నీళ్ళ డబ్బాలో వేస్తా.

వెళ్ళేవాళ్ళు తొమ్మిదికల్లా లైన్లో ఉండండి. బీపీ, షుగరు కాగితాలు మర్చిపోకండి.