చికున్‌గున్యా కీళ్లనొప్పులకు ఐసు పెట్టాలా, వేడి కాపడమా?

2006లో ఆంధ్రప్రదేశ్‌ను చికున్‌గున్యా చుట్టుముట్టినప్పుడు, జ్వరం వారంలోపే తగ్గినా కీళ్లనొప్పులు చాలామందిని నెలల తరబడి పీడించాయి. అప్పటి నుంచి ఇంటింటా ఇదే సందేహం.

ఐసు: జ్వరం ఉండి, చీలమండలూ మణికట్లూ వాచి, ముట్టుకుంటే వెచ్చగా ఉన్న తొలి రోజులకు ఇదే తగినది, చలువ వల్ల రక్తనాళాలు కుంచించుకుని వాపూ, నొప్పీ కొంత తగ్గుతాయి.
కాపడం: ఆ దశలో రక్తప్రసరణను పెంచి వాపును ఎక్కువ చేయవచ్చు. పెద్దలు ఎంత ప్రేమతో ఉప్పు మూట వేడిచేసి తెచ్చినా అప్పుడు వద్దనే చెప్పాలి. వాపు పోయి, ఉదయం లేవగానే వేళ్లు బిగుసుకుపోయే రోజుల్లో మాత్రం, కాపడం తర్వాత వేళ్లను మెల్లగా ముడిచి చాపితే మంచి ఉపశమనం కలుగుతుంది.

ఖర్చు: రెండింటికీ నామమాత్రమే.
శ్రమ: రెండూ పది, పదిహేను నిమిషాల పనే.
ప్రమాదం: ఐసును గుడ్డలో చుట్టకుండా పెడితే చర్మం దెబ్బతింటుంది. వేడితో భయం మరింత ఎక్కువ. మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారినవారికి కాలినా తెలియదు, కనుక వారికి కాపడం పెట్టకపోవడమే మేలు.

వాపు, వేడి ఉంటే ఐసు. బిగుతు మాత్రమే మిగిలితే కాపడం. చికున్‌గున్యాలాగే కనిపించే డెంగీ కాదని తేలేవరకు, రక్తస్రావం ముప్పును పెంచే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను సొంతంగా వేసుకోకూడదు.