త్రీ నాట్ త్రీకి ఇంట్లోనే తూటాలు లోడ్ చేసుకోవడం: ఎనిమిదేళ్ళ వాడకం తర్వాత నా మాట

మా మండలం పోలీస్ స్టేషన్ వరండాలో గోడకి ఆనించి గొలుసేసి ఉండేవి త్రీ నాట్ త్రీలు, ఎలక్షన్లప్పుడు మా స్కూల్లో పోలింగ్ పడితే కానిస్టేబుల్ గారి భుజాన కూడా అదే. ఆ చెక్క, ఆ ఇనుము అప్పట్నుంచీ కళ్ళలో ఉండిపోయాయి. టెక్సస్ వచ్చి, గ్రీన్ కార్డ్ చేతికొచ్చాక కొన్న మొదటి తుపాకీ అందుకే .303 తూటా వాడే లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 మార్క్ 1 స్టార్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ కోసం అమెరికాలోనే, మసాచుసెట్స్‌లోని చికోపీ ఫాల్స్‌లో సావేజ్ కంపెనీ చేసిన రైఫిల్ ఇది, పక్కన యూఎస్ ప్రాపర్టీ అని ముద్ర ఉంటుంది. నాది రెండే గ్రూవుల బ్యారెల్, అంటే గొట్టం లోపల మెలి తిరిగే గాళ్ళు రెండే.

ముందే ఒక మాట, ఇండియాలో ఉన్నవాళ్ళు దీన్ని చదివి ఊరుకోండి. మన దగ్గర .303 ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన సైజు, లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం ఆర్మ్స్ యాక్ట్ కింద నేరం. ఇక్కడ సొంత వాడకానికి చేసుకోవచ్చు, నేను రాసేది ఆ సంగతే.

అసలు రీలోడింగ్, అంటే కాల్చిన కేసుల్ని మళ్ళీ నింపుకోవడం, ఎందుకు మొదలెట్టానంటే మొదట్లో ఎవరో అమ్మిన పాత మిలిటరీ తూటాలు కొన్నా, అవి చవకే కానీ వాటి ప్రైమర్లలో, అంటే తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ళల్లో, క్లోరేట్ ఉంటుంది, కాల్చాక బ్యారెల్‌లో ఉప్పు మిగిలి తేమ పట్టి తుప్పు పడుతుంది, రేంజ్ నుంచి ఇంటికి రాగానే మరిగే నీళ్ళు పోసి కడగాలి. పైగా చాలావాటికి బెర్డన్ ప్రైమింగ్, అంటే కేసు (తూటా ఇత్తడి గొట్టం) అడుగున రెండు చిన్న రంధ్రాలుంటాయి, మామూలు డైలో (కేసుని బిగించే ఉక్కు అచ్చు) పిన్ను వాటిని పొడవలేదు కాబట్టి ఖాళీ కేసులు మనకి పనికిరావు. అందుకని సెర్బియా వాళ్ళ ప్రివీ పార్టిజన్ తూటాలు వంద కొని, అవి కాల్చి, ఆ ఇత్తడి కేసులతోనే మొదలుపెట్టా.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. రీలోడింగ్ నేర్పిన వాళ్ళందరూ ఫుల్ లెంగ్త్ సైజింగ్ చేయమన్నారు, అంటే కాల్చిన కేసుని డైలోకి పూర్తిగా తోసి కొత్తదాని కొలతకి తెచ్చేయడం. నేనూ అలాగే చేశా. నాలుగోసారి లోడ్ చేసిన ఒక తూటా కాల్చి బోల్ట్ వెనక్కి లాగితే చేతికొచ్చింది అడుగు ముక్క మాత్రమే, మిగతా కేసంతా తూటా కూర్చునే చాంబర్‌లోనే ఉండిపోయింది. ముఖం మీదకి కాస్త గ్యాస్ తగిలింది, కళ్ళజోడు ఉంది కాబట్టి కళ్ళకేం కాలేదు. ఆ రోజు ఇంటికెళ్ళేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

తర్వాత కూర్చుని కారణం అర్థం చేసుకున్నా. .303 కేసుకి అడుగున అంచు ఉంటుంది, రిమ్ అంటారు, తూటా చాంబర్‌లో నిలబడేది ఆ రిమ్ ఆనుకునే చోటే, కేసు మెడ వైపు సన్నబడే భుజం దగ్గర కాదు. సైన్యం కోసం చేసిన తుపాకీ కదా, బురద పట్టిన తూటా కూడా లోపలికి పోవాలని చాంబర్ వదులుగా కోశారు. దానికి తోడు ఈ బోల్ట్ లాక్ అయ్యేది ముందు కాదు, వెనక, కాబట్టి పేలినప్పుడు బోల్టు కూడా వెంట్రుకవాసి వెనక్కి ఒదుగుతుంది. కేసు గోడ చాంబర్‌కి అతుక్కుపోతే అడుగు మాత్రం వెనక్కి జరుగుతుంది, మధ్యలో ఇత్తడి సాగుతుంది. మనం ఫుల్ సైజ్ చేసి భుజాన్ని మళ్ళీ వెనక్కి నెట్టేస్తే మళ్ళీ సాగుతుంది, అలా నాలుగుసార్లు సాగిన ఇత్తడి తెగక ఏం చేస్తుంది.

అందుకని ఇప్పుడు నా పద్ధతి వేరు. కొత్త కేసు మొదటిసారి కాల్చేటప్పుడు రిమ్ ముందు సన్నటి రబ్బరు ఓ రింగ్ తొడుగుతా, అది కేసుని బోల్ట్ ముఖానికి నొక్కి పెడుతుంది, అప్పుడు కేసు వెనక సాగకుండా ముందు భుజం దగ్గరే చాంబర్ ఆకారానికి వస్తుంది. ఆ తర్వాత లీ అనే రీలోడింగ్ పనిముట్ల కంపెనీ వాళ్ళ కాలెట్ డైతో మెడ మాత్రమే బిగిస్తా, ఒంటికి అసలు తాకను. ఆ కేసులు నా రైఫిల్‌కి తప్ప ఇంకోదానికి పెట్టను, డబ్బా మీద రాసి ఉంచుతా. ప్రతిసారీ ఒక పేపర్ క్లిప్ కొస వంచి కేసు లోపల అడుగు నుంచి పైకి గీసి చూస్తా. బాగున్న కేసులో నున్నగా జారుతుంది, తెగబోయేదాంట్లో గోరు గాడిలో పడ్డట్టు టక్కున ఆగుతుంది. ఆగిందంటే ప్లయర్‌తో నలిపి పారేయడమే. ఈ పద్ధతికి మారాక ఒకే కేసు పదకొండుసార్లు కాల్చినవి ఉన్నాయి నా దగ్గర.

బుల్లెట్ సంగతి. పేరు .303 అయినా బుల్లెట్ మందం .311 అంగుళం పైనే. మెత్తటి సీసం ముక్కని బ్యారెల్‌లోంచి తోసి మైక్రోమీటర్‌తో కొలిస్తే నాది .313 వచ్చింది, అందుకే .311 కన్నా .312 బుల్లెట్లే దగ్గరగా పడుతున్నాయి. బరువు 174 గ్రెయిన్లు, ఎందుకంటే పాత మిలిటరీ మార్క్ 7 తూటా బరువు అంతే, గురి చూసే సైట్లు దానికే కట్టారు. నా దానికి ఉన్నది మడిచే సైట్, ఒక పక్క 300 గజాలు, ఇంకో పక్క 600, కాబట్టి 100 గజాల్లో గుండు పైకే పోతుంది, కంగారు పడొద్దు.

పౌడర్ హెచ్ 4895 వాడతా. ఐఎంఆర్ 4895 అని ఇంకోటి ఉంది, నంబర్ ఒకటే అయినా పౌడర్ వేరు, ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. ఎన్ని గ్రెయిన్లు అని నన్ను అడగొద్దు, పౌడర్ కంపెనీ మాన్యువల్ తీసి అందులోని అతి తక్కువ అంకెతో మొదలుపెట్టండి. గ్రెయిన్ అంటే ఎంతో తెలియాలంటే, మన కంసాలులు వాడిన గురిగింజ దాదాపు రెండు గ్రెయిన్లు తూగుతుంది, అర గురిగింజ తేడా కూడా ఇక్కడ లెక్కే. ఒక కంపెనీ డిజిటల్ కాటా కొన్నా, ఏసీ గాలికి దాని అంకె జరిగిపోయేది, రెండుసార్లు పట్టుకున్నాక పక్కన పడేసి బీమ్ కాటాకే వచ్చేశా. నింపిన కేసులన్నీ చెక్క బ్లాకులో నిలబెట్టి బుల్లెట్ పెట్టేముందు టార్చి వేసి అన్నిట్లో పౌడర్ ఒకే ఎత్తులో ఉందా అని చూస్తా. ఈ పని చేసేటప్పుడు ఫోన్ ఇంకో గదిలో ఉంటుంది, మా ఆవిడ పిలిచినా బ్లాకు అయ్యేదాకా లేవను, తనకీ తెలుసు.

డబ్బు ఆదా అవుతుందా అంటే, తూటా లెక్కన ఆదానే, కానీ 2020, 21లో ప్రైమర్లు దొరక్క, దొరికినా ధరలు చూసి ఏడాదంతా పొదుపుగా కాల్చా. ఇప్పుడు ప్రైమర్ల డబ్బా కనబడితే వదలను.

100 గజాల్లో ఐదు గుళ్ళు రెండున్నర అంగుళాల్లో పడుతున్నాయి, ఫ్యాక్టరీ తూటాతో ఐదంగుళాలు దాటేది. ఎనభై ఏళ్ళు దాటిన యుద్ధం తుపాకీకి ఇది చాలా గొప్ప. కొత్తగా మొదలెట్టేవాళ్ళు డైలు బిగించే ప్రెస్ కన్నా ముందు కళ్ళజోడు, విరిగిన కేసు లాగే ఎక్స్‌ట్రాక్టర్, కాలెట్ డై కొనుక్కోండి. మొదటి వందలో నా దగ్గర ఇంకా 63 కేసులు మిగిలాయి, మెడలు గట్టిపడ్డాయి, ఈ ఆదివారం వాటిని అనీల్ చేయాలి, అంటే వేడి చేసి మెత్తబరచాలి.