వేల్స్ పలక కొనే ముందు రాయి ఎక్కడిదో అడగండి

ఉత్తర వేల్స్ కొండలు చూడటానికి వెళ్లి, గుర్తుగా ఒక ‘వెల్ష్ పలక’ తెచ్చుకుందామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు 68 పౌండ్లు పోయాయి. మార్కాపురంలో పుట్టి, పలకలు కోసే చప్పుడు వింటూ పెరిగిన వాణ్ణి. అలాంటి నేను పలక దగ్గరే మోసపోయాను. డబ్బు సంగతి అలా ఉంచండి, నాన్న ముందు తల ఎత్తలేకపోయాను.

పోయిన ఆగస్టులో మాంచెస్టర్ నుంచి ఉత్తర వేల్స్‌లోని పలక గనుల ఊరు బ్లైనై ఫెస్టినియోగ్ వెళ్లాం. ఆ ఊరి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ముందే చెబుతున్నాను. ఎటు చూసినా విరిగిన పలక ముక్కల గుట్టలే. వానకు తడిసి నల్లగా మెరుస్తూ ఇళ్ల వెనక దాకా దిగి ఉంటాయి. 1951లో స్నోడోనియా జాతీయ ఉద్యానవనానికి హద్దులు గీసినప్పుడు ఈ గుట్టలూ గనులూ ఉన్నాయనే ఊరిని బయట ఉంచి, దాని చుట్టూ గీత తిప్పారు. ఆ గుట్టలున్న పలకల ప్రాంతాన్నే 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. అన్నట్టు, ఈ ఊళ్లో బస వెతికేటప్పుడు ‘జాతీయ ఉద్యానవనం నడిబొడ్డున’ అన్న ప్రకటన కనబడితే పటం తీసి చూడండి. నడిబొడ్డున ఉన్న మాట నిజమే, కానీ ఉద్యానవనంలో మాత్రం లేదు.

ఆ ఊళ్లోని లెఖ్‌వెత్ పలక గనిలోకి ఏటవాలు పట్టాల మీద బండిలో దించుతారు. ఆగస్టులో కూడా స్వెటర్ కావాల్సిందే. ఒకప్పుడు అక్కడి పనివాళ్లు తొడకు గొలుసు చుట్టుకుని, నిలువు రాతి మీద వేలాడుతూ రంధ్రాలు తొలిచేవారట. వెలుతురుకు కొవ్వొత్తులే దిక్కు, వాటి ఖర్చు కూడా వాళ్ల కూలీలోంచే. ఇంటి కప్పులకు సిద్ధమైన పలకలకు మాత్రం రాచమర్యాదలు, దొరసానుల బిరుదులే పేర్లు! 24 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉంటే డచెస్. 20, 10 అయితే కౌంటెస్. మా ఊళ్లో పెద్ద పలక, చిన్న పలక, అంతే.

పలకలను రేవుకు చేర్చడానికి 1836లో పోర్త్‌మడోగ్ దాకా చిన్న రైలు మార్గం వేశారు. నిండు బండ్లు వాలులో వాటంతట అవే దిగేవి. గుర్రాలు కూడా ఒక బండిలో నిలబడి కిందికి వచ్చి, తిరుగు దారిలో ఖాళీ బండ్లను పైకి లాగేవి. ఇప్పుడు దాని మీద యాత్రికుల రైలు నడుస్తుంది. చలికాలంలో రోజూ ఉండదు కాబట్టి టికెట్టు, బస కొనే ముందు తేదీలు చూసుకోండి.

గని దగ్గర ఒకాయన రాతి దిమ్మ అంచున ఉలి పెట్టి మెల్లగా తడితే అరటి దొప్ప ఊడినట్టు పలక విడిపోయింది. అది చూసిన ఉత్సాహంలోనే మార్కాపురంలో నాన్న కట్టుకున్న ఇంటికి పేరు పలక చేయించాలనిపించింది. అక్కడే కొని ఉంటే ఈ గొడవే లేదు. వచ్చే దారిలో సముద్రతీరాన ఒక దుకాణం ముందు, వేల్స్ జెండా మీద ఉండే ఎర్ర డ్రాగన్ బొమ్మ కింద ‘వెల్ష్ స్లేట్’ అని కనబడింది. లోపల అరల మీదా అదే మాట. తెలుగు అక్షరాల నమూనా పంపితే చెక్కి ఇంటికి పంపారు. వత్తులు కూడా సరిగ్గానే వచ్చాయి, మురిసిపోయాను.

సంక్రాంతికి పట్టుకెళ్లాను. నాన్న ముప్పై ఏళ్లు పలకల పని చేసిన మనిషి. ముందు గోడకు రెండు రంధ్రాలు వేయించి, ఆ తర్వాతే పలక చేతిలోకి తీసుకున్నారు. ఒక అంచు పట్టుకుని వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. మంచి పలక ఖంగుమంటుంది. ఇది చెక్కలా పలికింది. తువ్వాలు కొస తడిపి వెనక వైపు రుద్దారు. తువ్వాలు నల్లబడింది, పలక మీద గోధుమరంగు చారలు బయటపడ్డాయి. ఆ రాత్రి బకెట్లో సగం మునిగేలా నిలబెట్టారు. తెల్లారేసరికి తడి నీటి మట్టానికి బెత్తెడు పైకి ఎక్కి ఉంది. మంచి రాయి అలా నీళ్లు తాగదు.

“ఎంత పెట్టావురా?” అన్నారు. సగమే చెప్పాను. దానికే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ దేశం దాకా వెళ్లి రంగేసిన రాయి తెచ్చావా?” అన్నారు.

దుకాణానికి ఫోటోలు పంపాను. ‘పలకను వేల్స్‌లో చెక్కాం, రాయి వేల్స్‌దని బిల్లులో ఎక్కడా రాయలేదు’ అని జవాబు. చూసుకుంటే నిజమే, బిల్లులో ఉన్నది ‘చెక్కిన పేరు పలక’ అని మాత్రమే. డ్రాగన్ బొమ్మా, అరల మీది మాటా బిల్లులోకి రావు కదా! అందుకే రాయి ఏ క్వారీదో అడిగి, ఆ పేరు బిల్లు మీద రాయించుకోండి. తప్పించుకునే మాటలు వస్తే బయటికి నడవండి. ఫెస్టినియోగ్ రాయి నీలం కలిసిన బూడిద రంగులో ఉంటుంది, బెథెస్డా ఊరి దగ్గరి పెన్రిన్ క్వారీ రాయిలో ఊదా ఛాయ కనిపిస్తుంది. తారులా నిగనిగలాడే నలుపు కనిపిస్తే తడి గుడ్డతో రుద్ది చూడండి. అరల మీద రాసిన మాటలకు ఫోటో తీసి ఉంచుకోండి, నేను అదే చేయలేదు.

చెప్పిన దానికి భిన్నంగా ఉన్న వస్తువును తిప్పి ఇచ్చేసే హక్కు అక్కడి 2015 వినియోగదారుల హక్కుల చట్టంలో ఉంది. పేరు చెక్కించుకున్న వస్తువైనా ఆ హక్కు పోదు. కానీ పూర్తి డబ్బు వెనక్కి అడగడానికి గడువు 30 రోజులే. నేను ఆగస్టులో కొని జనవరిలో విప్పాను! గడువు దాటితే ముందు బాగుచేయమనో, మార్చమనో అడగాలి. జనానికి ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వాళ్లకు ఫోన్ చేస్తే ఈ సంగతులన్నీ ఓపికగా చెప్పారు. వాళ్లు చెప్పినట్టు లేఖ రాశాక దుకాణం సగం డబ్బు పంపింది.

మిగతా సగం కోసం ఇంకా రాస్తూనే ఉన్నాను. మార్కాపురం ఇంటి గోడకు ఆ రెండు రంధ్రాలు అలాగే ఉన్నాయి.